పుదుచ్చేరి: తీరము, పరిసరములు

సముద్రతీర పట్టణమును చూడబోవు యాత్రికుడు మొదట సముద్రము వంకకే నడచును. అది సహజమే. కాని తీరపట్టణముల చరిత్రలో సగము మాత్రమే ఓడలమీద వచ్చినది. తక్కిన సగము నదుల వెంట, బండిబాటల వెంట లోనాటి పల్లెల నుండి నడచివచ్చినది. ఓడలమీద వచ్చిన దానికి శిలాఫలకములును, విగ్రహములును, వీథుల పేర్లును మిగులును. నడచివచ్చిన దానికి అట్టి గుర్తులు తక్కువ. అందుచేత చూపరి కన్ను మొదటి సగమును చూచి అదియే సర్వమని భ్రమపడును. పుదుచ్చేరిని ఫ్రెంచిపట్టణమని చెప్పి తృప్తిపడువారు చేయుచున్న పొరపాటిదియే.

చెన్నపట్టణమునకు దక్షిణముగా సుమారు 150 కిలోమీటర్ల దూరమున, చోళమండల తీరమున ఈ పట్టణము కలదు. కొత్తగా వెలసిన ఊరు అని పుదుచ్చేరి శబ్దమునకు అర్థము. పరభాషల వారి నోట ఆ పేరు పాండిచేరిగా మారి చిరకాలము నిలిచినది. 2006లో మరల పాత పేరే అధికారనామమైనది. పేరునందు కొత్తదనము ఉన్నను ఊరి పరిసరములు మిక్కిలి ప్రాచీనములు. క్రీస్తుశకము మొదటి శతాబ్దమున ఒక గ్రీకు నావికుడు వ్రాసిన సముద్రయాన గ్రంథమున ఈ తీరపు రేవులలో ‘పొడుకే’ అను పేరొకటి కనబడుచున్నది. టాలెమీ భూగోళమునందును అదే పేరు కలదు. అది పుదుచ్చేరి ప్రాంతమేనని పలువురు పండితుల అభిప్రాయము.

పట్టణ దర్శనమును సముద్రతీరపు విశాలమైన బాటనుండి ఆరంభించుట ఆచారము. అక్కడ గాంధీమహాత్ముని విగ్రహము చుట్టును ఎనిమిది ఏకశిలాస్తంభములు నిలిచియున్నవి. వాని చెక్కడపు పని చూచినంతనే అవి ఈ బాటకొరకు పుట్టినవి కావని తెలియును. తెలుగువాడైన ముత్యాలు నాయకుడు 16వ శతాబ్దమున చెంజిదుర్గమునందు కట్టించిన వేంకటరమణస్వామి ఆలయమునుండి ఫ్రెంచివారు 18వ శతాబ్దమున వానిని తరలించి తెచ్చిరి. ఇక్కడికి అనతిదూరమున 1836లో వెలిగిన పాత దీపస్తంభము కలదు. ఫ్రెంచి గవర్నరు డ్యూప్లే విగ్రహము 1870లో ఈ తీరముననే ప్రతిష్ఠింపబడినది. తరువాతి కాలమున అది దక్షిణపు కొసకు తరలింపబడినది. పాలకుల విగ్రహములు తావు మారుచుండగా, ఆలయస్తంభములు ఎవరి విగ్రహమునకైనను చుట్టుకావలి కాయుచు నిలిచినవి.

ఈ తీరమునకు సహజమైన ఓడరేవు లేదు. ఓడలు దూరమున లంగరు వేసికొనగా, పలకలను నారతాళ్ళతో కుట్టిన మసూలా పడవలలో పల్లెకారులు అలలను దాటి సరకును, మనుష్యులను ఒడ్డునకు చేర్చెడివారు. గవర్నరులు సైతము ఆ పడవవారి నేర్పును నమ్మియే దిగవలసివచ్చెడిది. 19వ శతాబ్దమున కట్టిన వారధి 1952 నాటి తుపానులో కూలిపోయినది. 1980ల చివర పట్టణమునకు దక్షిణమున రేవుకొరకు సముద్రములోనికి కట్టిన రాతిగోడలు ఇసుక ప్రవాహమును అడ్డగించుటచే ఇక్కడి ఇసుకతిన్నెలు కొట్టుకొనిపోయినవి. వాని స్థానమున బండరాళ్ళ కట్ట వచ్చినది. సముద్రపు నడకను ఎరిగిన పల్లెకారుల మాటను చరిత్ర ఎన్నడును తగినంతగా ఆలకింపలేదు.

1664లో ఏర్పడిన ఫ్రెంచి తూర్పు ఇండియా కంపెనీకి ఈ స్థలము బిజాపురపు సామంతుడైన షేర్ ఖాన్ లోడీ వలన 1673లో లభించినది. మరుసటి సంవత్సరము వచ్చిన ఫ్రాన్సువా మార్టిన్ దానిని పట్టణముగా పెంచినవాడు. 1693లో డచ్చివారు దీనిని పట్టుకొని ఆరేండ్లు ఏలిరి. ఫ్రెంచి వైఖరికి ఉదాహరణముగా చూపబడు నేరువీథుల అమరికకు మూలమైన పటములు నిజమునకు ఆ డచ్చివారి కాలమునాటివి. 1699లో పట్టణము తిరిగి ఫ్రెంచివారి చేతికి వచ్చెను. 1706 చివరిదినమున మార్టిన్ ఇక్కడనే మరణించెను. నడుమ ఒక కాలువ పారుచుండగా దానికి తూర్పున తెల్లవారి పేట, పడమట నల్లవారి పేట ఏర్పడినవి. తూర్పున గోడలమీద పసుపుపచ్చ, తెలుపు వన్నెలు, ఎత్తైన ద్వారములు. పడమట వీథి అరుగులు, కొయ్యస్తంభముల చావళ్ళు. కాలువకు ఇరువైపుల రెండు జీవితములు సాగినవి. పడమటి పేటలేనిదే తూర్పుపేటకు తిండి లేదు, వర్తకము లేదు, మాట చెప్పువాడును లేడు.

ఆ వర్తకమునకు ప్రాణము బట్ట. నూలుబట్టను నేసి నీలిమందుతో ముంచి ముదురువన్నె తెచ్చు విద్య ఈ ప్రాంతపు సాలెవారికిని, అద్దకపువారికిని తరతరములుగా అబ్బినది. మార్టిన్ నాటి నుండియు గవర్నరులు నేతగాండ్రను రప్పించి పట్టణమున నిలుపుటకు ప్రయాసపడిరి. ఇక్కడి ఓడలు పడమట అరబ్బుదేశపు మోఖా రేవునకు పోయి కాఫీగింజలు తెచ్చెడివి; తూర్పున మనీలా వరకు పోయెడివి. 1737లో మోఖా అధికారులు బాకీలు చెల్లింపలేదని గవర్నరు డ్యూమా ఇక్కడినుండియే యుద్ధనౌకలను పంపి ఆ రేవుపై ఫిరంగులు కాల్పించెను. అరబ్బుతీరపు కాఫీ లెక్కలు చోళమండల తీరపు బట్టల లెక్కలతో అంతగా ముడిపడియుండెను. గినీ వస్త్రమను పేరుగల పుదుచ్చేరి నీలిబట్ట ఆఫ్రికా తీరమున మనుష్యులను కొనుటకును వినియోగపడినది. 19వ శతాబ్దమున సెనెగల్ నదీప్రాంతమున తుమ్మజిగురు వర్తకులు ఆ బట్టతుండునే నాణెమువలె చెలామణి చేసిరి. ఇక్కడి అద్దకపువాని చేతుల నీలిరంగునకు అంత దూరపు చరిత్రతో సంబంధము కలదు. ఆ సంబంధమంతయు గర్వింపదగినది కాదు.

పడమటి పేటలో రంగపిళ్ళై వీథియందు ఒక మేడ కలదు. కింది అంతస్తు తమిళదేశపు కొయ్యస్తంభములతోను, మీది అంతస్తు ఫ్రెంచివారి తీరు స్తంభములతోను కట్టబడినది. దాని యజమానుడు ఆనందరంగ పిళ్ళై. 1709లో చెన్నపట్టణపు పెరంబూరున జన్మించి, బాల్యముననే తండ్రి తిరువేంగడ పిళ్ళై వెంట ఇక్కడికి వచ్చి, కంపెనీ వర్తకమున పైకి వచ్చినవాడు. అంతకుముందు దుబాసీగా ఉన్న కనకరాయ మొదలి 1746లో మరణించిన పిమ్మట ఆ పదవి ఆయనకు దక్కినది. దుబాసీ యనగా రెండు భాషలవాడు. కాని ఆ కాలమున దుబాసీ పని మాట మార్చుటతో ముగియలేదు. సరకు సేకరించుట, సాలెవారికి బయానాలు ఇచ్చుట, నవాబులకు ఉత్తరములు నడుపుట, కులముల తగవులు తీర్చుట, గవర్నరు మనసెరిగి మాటలాడుట, ఇవి యన్నియు ఆయన పనులే.

ఆయన 1736 సెప్టెంబరు మొదలు 1761 జనవరి వరకు తమిళమున దినచర్య వ్రాసికొనెను. ఏ ఓడ వచ్చినది, ఎన్ని ఫిరంగులు మ్రోగినవి, ఎవరు ఎవరికి ఎంత ముట్టజెప్పిరి, ఏ శకునము కనబడినది, గవర్నరు భార్య ఎవరిమీద కన్నెర్ర చేసినది మొదలగు సంగతులన్నియు అందు చోటుచేసికొన్నవి. 1748లో ఇంగ్లీషువారు పట్టణమును ముట్టడించిన సందర్భమున క్రైస్తవమందిరమునకు పక్కనున్న వేదపురీశ్వరాలయమును ఫ్రెంచివారు పడగొట్టించిరి. ఆ దుర్దినమున హిందువులు పడిన క్షోభను, తన అశక్తతను పిళ్ళై దాచక వ్రాసెను. ప్రభువులకు ప్రీతిపాత్రుడైన దుబాసీకిని తన దేవుని గుడిని కాపాడుకొను శక్తి లేకపోయెను. దినచర్య విలువ ఈ నిజాయితీలో కలదు. అది చిరకాలము ఆ ఇంటనే మరుగున పడియుండి 1846లో వెలుగులోనికి వచ్చినది. 1904–1928 నడుమ మద్రాసు ప్రభుత్వము దాని ఆంగ్లానువాదమును 12 సంపుటములుగా ప్రకటించినది.

ఆనందరంగని పేరు తెలుగువారికి మరియొక కారణముచేతను చిరస్మరణీయము. కస్తూరి రంగకవి రచించిన ‘ఆనందరంగరాట్ఛందము’ అను తెలుగు ఛందశ్శాస్త్ర గ్రంథము ఆయన పేరనే వెలసినది. దీనికే ‘లక్షణచూడామణి’ అని నామాంతరము. శ్రీనివాసకవి 1752లో ‘ఆనందరంగవిజయచంపువు’ను సంస్కృతమున రచించెను. తమిళమాతృభాషగల వర్తకుని కొలువున, ఫ్రెంచి జెండా క్రింద, తెలుగు యతిప్రాసల చర్చ సాగుటను చూచి నేటివారు ఆశ్చర్యపడవచ్చును. ఆ కాలమున అది వింత కాదు. నాయకరాజుల నాటినుండి దక్షిణదేశమంతట తెలుగు కొలువుకూటముల కవితాభాషయై నిలిచినది. తంజావూరునందును, మధురయందును పెరిగిన ఆ సంప్రదాయమునకు రాజులు అంతరించిన పిదప కొత్త ఆశ్రయములు కావలసివచ్చెను. రాజ్యములేని కవికి రాజు కాని ప్రభువు దొరకెను. ‘రాట్టు’ అను బిరుదమును వర్తకునకు తగిలించుట చాటుస్తోత్రమే కావచ్చును. కాని రాజాధికారము సింహాసనమునుండి వర్తకశాలకు జారుచున్న కాలమునకు ఆ ఒక్క మాటకంటె స్పష్టమైన సాక్ష్యము అరుదు.

చివరి సంవత్సరములలో ఆయనకు పదవి పోయినది, ఆరోగ్యము చెడినది. 1761 జనవరిలో, ఇంగ్లీషువారి ముట్టడిచే పట్టణము తిండిలేక అలమటించుచుండగా ఆయన కన్నుమూసెను. కొలదిదినములకే, జనవరి 16న, పట్టణము శత్రువుల వశమయ్యెను. ఇంగ్లీషువారు కోటను, తెల్లవారి పేటలోని గొప్ప భవనములను నేలమట్టము చేసిరి. కావున నేడు చూపరులు ఫ్రెంచివారి పూర్వవైభవమని మెచ్చుకొను కట్టడములలో అనేకములు 1765లో పట్టణము తిరిగి వచ్చిన తరువాతివి. ఆపైనను పట్టణము చేతులు మారుచునే యుండెను. 1816లో గాని ఫ్రెంచివారికి స్థిరపడలేదు.

ఆ శిథిలముల నడుమకు లెజాంటిల్ అను ఫ్రెంచి జ్యోతిశ్శాస్త్రజ్ఞుడు వచ్చెను. శుక్రుడు సూర్యబింబముమీదుగా దాటుటను చూడవలెనని 1760లో బయలుదేరినవాడు, పట్టణము శత్రువుల పాలగుటచే దిగలేక సముద్రముమీదనే ఆ ఘడియను పోగొట్టుకొనెను. ఎనిమిదేండ్లు తూర్పుదేశములలోనే గడపి, 1769 జూనులో రెండవ అవకాశమునకై ఇక్కడ వేధశాల నెలకొల్పుకొని కాచియుండెను. ఆ తెల్లవారుజామున మబ్బు కమ్మినది. కార్యము ముగిసిన తరువాత ఎండ కాసినది. ఆయన శ్రమ వ్యర్థము కాలేదు. తమిళ జ్యోతిష్కుల గ్రహణగణన పద్ధతిని శ్రద్ధతో అభ్యసించి తన గ్రంథమున వివరించెను. పట్టణమునకు దక్షిణమున వీరాంపట్టణపు దాపున నదీతీరమున కనబడిన పాత ఇటుకగోడలను గూర్చియు వ్రాసిపెట్టెను. ఆకాశము దాచిన దానికి బదులు భూమి ఒక రహస్యమును ఆయనకు చూపినది. దాని విలువ లోకమునకు తెలియుటకు మరి నూటడెబ్బది యేండ్లు పట్టినది.

గవర్నరు సౌధమునకు ఎదుటనున్న ఉద్యానవనమున ఆయిమండపము తెల్లగా మెరయుచుండును. మూడవ నెపోలియను కాలమున పట్టణమునకు ముత్తిరపాళయమునుండి మంచినీరు తెచ్చినందులకు గుర్తుగా ఇది కట్టబడినది. మండపము పేరు మాత్రము చక్రవర్తిది కాదు, ఒక వేశ్యది. ఈ ప్రాంతమునకు వచ్చిన కృష్ణదేవరాయలు సాయంసంధ్యవేళ దీపములతో వెలుగుచున్న ఒక మేడను దేవాలయమని తలచి చేతులు జోడించెననియు, అది ఆయి అను వేశ్య ఇల్లని తెలిసి కోపించి కూల్పుమని ఆజ్ఞాపించెననియు, ఆమె ఆ ఇంటిని తానే పడగొట్టి ఆ తావున జనులకొరకు చెరువు త్రవ్వించెననియు జనశ్రుతి. ఇందు చరిత్ర ఎంతయో, కల్పన ఎంతయో వేరుచేయుట కష్టము. కాని రాయల పేరు ఇంత దూరపు పల్లెకథలో నిలుచుటయు, ఫ్రెంచి చక్రవర్తి నీటికట్టడము ఒక తమిళస్త్రీ పేర పిలువబడుటయు మాత్రము కల్పనలు కావు. ప్రజల జ్ఞాపకము శిలాఫలకములను లెక్కింపదు.

నీలిబట్టల పట్టణమున మరమగ్గములు వచ్చుట సహజపరిణామము. 1820ల చివర సవానా మిల్లు, 1898లో రోడియర్ మిల్లు వెలసినవి. పూర్వపు సాలెవారి సంతతివారు ఆ మిల్లులలో కూలీలైరి. 1936 జూలై 30న సమ్మెచేయుచున్న కార్మికులపై జరిగిన కాల్పులలో 12 మంది మరణించిరి. ఆ త్యాగఫలముగా ఎనిమిదిగంటల పనిదినము ఇక్కడి చట్టమున చేరినది. రోడియర్ మిల్లు 2020లో పూర్తిగా మూతపడినది. రెండువేల సంవత్సరముల వస్త్రచరిత్రగల ప్రాంతమున పొగగొట్టము ఒక్కటే సాక్షిగా మిగులుట విచారకరము.

పరపాలనమే ఒకప్పుడు స్వాతంత్ర్యవీరులకు శరణమైనది. బ్రిటిషువారి అధికారము ఇక్కడ చెల్లకపోవుటచే సుబ్రహ్మణ్యభారతి 1908 మొదలు పదేండ్లు ఇచ్చట నివసించెను. 1910 ఏప్రిలులో అరవిందులు వచ్చి జీవితాంతము ఇక్కడనే నిలిచిరి. 1955లో స్థాపింపబడిన ఫ్రెంచి పరిశోధనాసంస్థయందు శైవాగమముల తాళపత్రములు భద్రపరుపబడియున్నవి; 2005లో యునెస్కో ఆ సంపదను ప్రపంచస్మృతి పట్టికలో చేర్చినది. కూల్చిన గుడి చరిత్రలో ఉన్నచోటనే, గుడుల శాస్త్రములను కాపాడు గ్రంథాలయమును వెలసినది.

ఇక పరిసరములు. పట్టణమునకు పడమటి దెసనున్న చెంజికొండలలో పుట్టి ప్రవహించు శంకరాపరణి నది పుదుచ్చేరికి దక్షిణమున పాయలై సముద్రమున కలియును. ఆ పాయలలో ఒకటగు అరియాంకుప్పము ఏటి ఒడ్డున, పట్టణమునకు సుమారు నాలుగు కిలోమీటర్ల దూరమున అరికమేడు కలదు. లెజాంటిల్ చూచిన ఇటుకగోడలు ఇక్కడివే. మామిడి, కొబ్బరి తోటల నడుమ నేలను తవ్వు పిల్లలకు రంగురంగుల పూసలు దొరకుచుండెడివి. 1937లో జూవో దుబ్రెయ్ అను ఫ్రెంచి పండితునకు రోమను చక్రవర్తి అగస్టసుదని తోచిన ముఖము చెక్కిన రత్నమొకటి ఇక్కడ లభించెను. 1945లో మార్టిమర్ వీలర్ త్రవ్వకములు జరిపి, ఇటలీదేశపు ముద్రలు గల ఎర్రని పాత్రల పెంకులను, ద్రాక్షసారాయపు కూజాల ముక్కలను, పెద్ద గిడ్డంగి పునాదులను, నీటితొట్లను బయల్పరచెను. ఆ తొట్లు బట్టల అద్దకమునకై యుండునని ఆయన ఊహించెను. రోమను పాత్రల కాలము నిశ్చితముగా తెలిసినందున, వానితో కలిసి దొరకిన దేశీయపాత్రల కాలమును నిర్ణయింప వీలయ్యెను. దక్షిణభారత పురావస్తుశాస్త్రమునకు అరికమేడు గడియారమైనది.

వీలర్ దీనిని రోమనుల వర్తకస్థానముగా వర్ణించెను. మధ్యధరాతీరపు సరకు వచ్చుటచే ఈ పల్లె పట్టణమైనదని ఆయన భావన. 1947–50 నడుమ కసాల్, 1989–92 నడుమ విమలా బెగ్లీ ఇక్కడ మరల త్రవ్విరి. బెగ్లీ పరిశోధనమువలన ఆ భావన మారినది. రోమను కూజాలు రాకముందే ఇక్కడ ఊరుండెను, పూసలు చేయు పనివాండ్రుండిరి, తీరవర్తకము ఉండెను. రోమనులు రాకపోకలు మానిన తరువాతను జీవితము ఆగలేదు. పెంకులమీద తమిళ బ్రాహ్మీలిపిలో పేర్లు గీసికొన్న సామాన్యులు ఆ ఊరివారు. ఇక్కడి చిన్న గాజుపూసలవంటివి తూర్పుసముద్రములు దాటి ఆగ్నేయాసియా వరకు వ్యాపించినవి. వచ్చిన వస్తువు మెరయును. ఉన్న మనిషి మెరయడు. అందువలన పరిశోధకుని కన్ను సైతము మొదట కూజాను చూచి తరువాత గాని కుమ్మరిని చూడలేకపోయెను. పట్టణమున యాత్రికుడు చేయు పొరపాటును ఇక్కడ శాస్త్రమును కొంతకాలము చేసినది.

అరికమేటికి ఇంకను దక్షిణముగా పోయినచో బాహూరు. అక్కడి మూలనాథాలయము చోళుల కాలపుది. 9వ శతాబ్దమున పల్లవ నృపతుంగుని పాలనలో, ఆ ఊరి విద్యాస్థానమునకు మూడు గ్రామములు దానముగా ఇచ్చినట్లు 1879లో దొరకిన బాహూరు తామ్రశాసనము తెలుపుచున్నది. ఫ్రెంచివారు పాఠశాల తెరచుటకు ఎనిమిది శతాబ్దములకు ముందే ఈ నేలపై విద్యార్థుల పోషణకై పన్నులు వదలుకొన్న ప్రభుత్వముండెను.

మరల శంకరాపరణి వెంట ఎగువకు నడచినచో, పట్టణమునకు పది కిలోమీటర్ల పడమట విలియనూరు వచ్చును. తిరుకామీశ్వరస్వామి రథోత్సవమున ఫ్రెంచి గవర్నరు స్వయముగా వచ్చి రథపు తాడును పట్టెడివాడు. ఆ మర్యాదను నేటికిని పాలనాధికారులు పాటించుచున్నారు. గుడిని కూల్చిన ప్రభుత్వమే ఒక శతాబ్దము గడచునప్పటికి తేరు లాగవలసివచ్చినది. పాలించువాడును పాలింపబడువానిని చూచి కొంత నేర్చుకొనును. ఇక్కడికి ఉత్తరముగా ఉసుడు చెరువు విస్తరించియున్నది. చలికాలమున దూరదేశపు పక్షులు వచ్చు ఈ చెరువు ఈ ప్రాంతపు పంటలకు ఆధారము. ఇంకను ఎగువన, తమిళనాటి తిరువక్కరయందు, సుమారు రెండుకోట్ల సంవత్సరముల క్రిందటి మహావృక్షములు రాళ్ళై పడియున్నవి. 1781లో సొన్నెరా అను ఫ్రెంచి ప్రకృతిశాస్త్రజ్ఞుడు వానిని మొదట వర్ణించెను. మనుష్యచరిత్రను కొలుచు కొలత అక్కడ చాలదు.

నది పుట్టినచోట చెంజిదుర్గము. మూడు కొండలను కలిపి చుట్టిన గోడలు గల ఈ కోటను విజయనగర సామ్రాజ్యకాలమున తెలుగు నాయకులు వృద్ధిచేసిరి. తరువాత బిజాపురము, శివాజీ, మొగలాయిలు క్రమముగా దీనిని ఏలిరి. 1750 సెప్టెంబరులో బుస్సీ రాత్రివేళ కొండలెక్కి ఒక్క రాత్రిలో కోటను పట్టుకొనెను. తెలుగుదేశచరిత్రకు ఆ రాత్రి గడ్డురాత్రి. ఆ డిసెంబరులో చెంజి సమీపముననే నిజాము నాసిర్ జంగు హతుడయ్యెను. ఫ్రెంచివారు నిలిపిన ముజఫర్ జంగు 1751 ఫిబ్రవరిలో కడపసీమలోని రాయచోటి ప్రాంతమున చంపబడగా, బుస్సీ అక్కడికక్కడే సలాబత్ జంగును గద్దెనెక్కించి హైదరాబాదునకు నడిపెను. అతని సైన్యము ఖర్చులకు ప్రతిఫలముగా 1753లో ముస్తఫానగరు, ఏలూరు, రాజమహేంద్రవరము, శ్రీకాకుళము సర్కారులు ఫ్రెంచివారికి సంక్రమించినవి. 1757 జనవరి 24న బొబ్బిలికోటలో రంగారావు పరివారము అగ్నికి ఆహుతియైనప్పుడు కోట వెలుపల నిలిచిన ఫిరంగులు బుస్సీవి. చెంజికొండకు బొబ్బిలికోటకు నడుమ ఏడేండ్ల దూరము కూడ లేదు. 1759లో మచిలీపట్టణము ఇంగ్లీషువారి వశమగుటతో సర్కారులపై ఫ్రెంచివారి ఆశ తీరినది. బుస్సీ వృద్ధుడై తిరిగి వచ్చి 1785లో పుదుచ్చేరియందే మరణించెను. కడలియొడ్డున నిలిచిన చెంజిస్తంభములు అలంకారశిలలు మాత్రమే కావు. వాని తరలింపు వెనుక తెలుగుసీమలో ప్రవహించిన రక్తముకూడ కలదు.

విలియనూరునకు ఆవలనున్న కీళూరు చిన్నపల్లె. 1954 అక్టోబరు 18న అక్కడ ఒక పందిరిక్రింద 178 మంది ప్రజాప్రతినిధులు కూడి భారతదేశమున చేరుటను గూర్చి వోట్లు వేసిరి. 170 మంది చేరవలెననిరి, ఎనిమిదిమంది వలదనిరి. నవంబరు 1న పాలన భారతదేశమునకు సంక్రమించినది. 1962 ఆగస్టు 16న అది శాసనసమ్మతమైనది. తెలుగుప్రాంతమైన యానాము అంతకుముందే, 1954 జూన్ 13న, దడాల రాఫేల్ రమణయ్య నాయకత్వమున విముక్తి పొందెను. గోదావరీతీరమునందలి ఆ చిన్నపట్టణము నేటికిని పుదుచ్చేరి పాలనలోనే యున్నది. అచ్చట తెలుగే రాజభాష. మూడువందల ఏండ్ల పరపాలన యుద్ధముతో కాక పల్లెపందిరిలో లెక్కించిన వోట్లతో ముగియుట ఈ చరిత్రకు తగిన ముగింపు. ఓడలమీద వచ్చినవారి కథను నేలమీది వారు ముగించిరి.

ఇట్టి పట్టణమును కాపాడుట యనగా ఏమి కాపాడుట? 1870 ప్రాంతమున కట్టిన పురపాలక భవనము 2014 నవంబరులో వానలకు కూలగా, అదే రూపమున తిరిగి కట్టి 2021లో తెరచిరి. అది మెచ్చదగిన పని. తూర్పుపేట గోడలకు రంగులు తప్పక వేయబడుచుండును. యాత్రికులు అక్కడికే వత్తురు. పడమటిపేటలోని కొయ్యస్తంభముల ఇండ్లు మాత్రము ఒకటొకటిగా కూలి అంగళ్ళగుచున్నవి. అరికమేటి ఒడ్డును వరదకు ఏరు కోసికొనిపోవుచున్నది. వీలర్ తెరచిన గుంటలు మరల పూడిపోయి, చూడవచ్చినవారికి తోటయే కాని ఊరు కనబడదు. తెలుగు ఛందోగ్రంథమును పోషించిన మేడను వెదకికొని వచ్చు తెలుగువారు అరుదు. రక్షణకు కావలసినది ధనము మాత్రమే కాదు; ఏది తన చరిత్రయో ఎరిగిన చూపు. పుదుచ్చేరికి పోవు తెలుగు యాత్రికుడు సముద్రమును తనివితీర చూచి, పిమ్మట వెనుకకు తిరిగి కాలువ దాటి పడమటికి నడచిన యెడల, ఆ వీథులలోను, ఆ నది వెంటను తనవారి అడుగుజాడలనుకూడ తప్పక గుర్తింపగలడు.